క్రింద సావిడి, పైన కాపురము



మాది దివిసీమ. కృష్ణానది పాయలు రెండును సముద్రమును జేరఁబోవుచు నడుమ విడిచిన పల్లపునేల యది. నేను ముప్పదియేండ్లకుఁ బైగా బడిలోఁ దెలుఁగు చెప్పి, యిపుడు ఇంటిపట్టున నున్నవాఁడను. ఈ నడుమ నొకనాఁడు మా తమ్ముని కుమారుఁడు నావద్దకు వచ్చి యిట్లనెను:

"పెదనాన్నా, పట్నములో ఉద్యోగము మానుకొని వచ్చితిని. ఎనిమిది గేదెలను దెచ్చి పాడి పెట్టఁదలఁచితిని. ఉన్నది అయిదు సెంట్ల స్థలము. గడ్డివామికిని, పెంటకుప్పకును చోటు విడువఁగా ఇల్లొకటి, సావిడి యొకటి వేఱువేఱుగాఁ బట్టవు. స్తంభములు పాతి, క్రింద సావిడి, పైన మా కాపురము పెట్టుకొందుమా? అట్టి కట్టడము నిలుచునా?"

వానికి మూఁడేండ్ల పసిపిల్ల యున్నది. ఆ పిల్ల పండుకొనవలసిన గది యది. కావున నేను వెంటనే బదులు చెప్పలేదు. నా జీవితమున నేనట్టి సావిళ్లు మూఁటిని జూచితిని. ఒకదానిని నీరు కొనిపోయినది. ఒకదానిని నా చదువు కూల్చినది. ఒకటి నేఁటికిని నిలిచియున్నది. ఆ మూఁటి వృత్తాంతమును వానికిఁ జెప్పితిని. మీలోఁ గూడ నిట్టి యాలోచన గలవారుందురు గనుక నదియే మీకును విన్నవించెదను.

మొదటిది మా నాన్నగారి పూరిసావిడి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీనాఁటి యుప్పెనను మీలోఁ బెద్దలు మఱచియుండరు. ఆనాఁడు సముద్రము సుమారు అయిదు మీటర్ల యెత్తున లేచి మా సీమపైఁ బడెను. సుమారు పదివేలమంది మృతులైరి. నాకపుడు పదునెనిమిదేండ్లు, పట్టణమున ప్రాచ్యకళాశాలలోఁ జదువుచుంటిని. నాలవనాఁడు కాలినడకను ఊరు చేరితిని. మా ఊరు తీరమునకుఁ గొంత యెడముగా నుండుటచే నీరు నిలువెత్తునకు మించలేదు. మా తల్లిదండ్రులును, తమ్ముఁడును పొరుగువారి మిద్దె యెక్కి బ్రదికిరి.

సావిడి లేదు. గుంజలలోఁ గొన్ని విఱిగినవి. కొన్ని విఱుగకయే మొదలంటఁ బెల్లగిలి వచ్చినవి. కప్పు రెండు పొలముల యవతలఁ బడియుండెను. పశువులు తొమ్మిదింటిలో నాఱు కట్టుకొయ్యలవద్దనే, కట్టినవి కట్టినట్లే, పడియుండెను. నాన్నగారు చీఁకటిలో నడుములోఁతు నీటిలో నిలిచి పలుపులు విప్పఁజూచిరఁట. నానిన త్రాటిముడి బిగిసిపోయి వ్రేళ్లకు లొంగలేదు. మూఁడింటిని విడిపించునప్పటికి నీరు ఱొమ్ములదాఁక వచ్చినది. "ఒక్క కొడవలి చేతనుండినచో!" అని యాయన బ్రదికినన్నాళ్లును అనుచుండిరి.

ఊడరాని కప్పు ఊడినది. ఊడవలసిన ముడి యూడలేదు. నేఁడు నేను జెప్పఁబోవున దంతయు నీ రెండుమాటలలోనే యున్నది.

రెండవ సావిడిని 1979లోఁ గట్టితిమి. ఈ మాఱు పైన చిన్నగది యుండవలెననియు, ధాన్యమును, మనుష్యులును నీటికందని యెత్తున నుండవలెననియు నాన్నగారి సంకల్పము. తాటిదూలములను, తుమ్మగుంజలను దెచ్చిరి. వడ్రంగి మా ఊరివాఁడే, పెద్దవాఁడు. గుంజలను పాతుచుండఁగా నేను బోయి, "గోతిలో గుంజచుట్టును సిమెంటు పోయుము, నీరు దగ్గఱకు రాదు" అంటిని. ఆతఁడు పని యాపి, "బాబూ, నీరు రాకుండుట మన వశము కాదు. వచ్చిన నీరు పోవుటకు దారి యుంచుటయే మన వశము" అనెను. నేను చదువుకొన్నవాఁడను గదా యని నాన్నగారు నా మాటయే నిలిపిరి.

ఎనిమిదేండ్లు గడచినవి. 1987లోఁ గోఁతల తరువాత నలువది బస్తాల ధాన్యమును పైగదిలో నొకమూలఁ బేర్చితిమి. బస్తా డెబ్బదియైదు కిలోల చొప్పున మూఁడు టన్నుల బరువు. ఆ రాత్రి మా అమ్మ మనుమరాలిని బ్రక్కలో వేసికొని యా గదిలోనే పండుకొనియుండెను. జాము రాత్రివేళఁ బెద్దచప్పుడైనది. మూలగుంజ నేలమట్టమున విఱిగి, గది యొకవైపునకు ఒరిగినది. మా అమ్మ పిల్లనెత్తుకొని నిచ్చెన దిగివచ్చినది. మనుష్యులకుఁ బ్రమాదము తప్పినది. క్రిందనున్న పెయ్యకు మాత్రము కాలు విఱిగినది.

తెల్లవాఱిన తరువాత వడ్రంగి వచ్చి విఱిగిన చోటు చూపెను. సిమెంటుకును గుంజకును నడుమ వెండ్రుకవాసి సందు. కఱ్ఱ యెండి కుదించుకొనునపు డా సందేర్పడినది. అందు వాననీరు చేరి నిలిచినది. నేనేర్పఱచిన సిమెంటు నీటిని రాకుండఁ జేయలేదు, పోకుండఁ జేసినది. శ్రోతలారా, ఈ సంగతిని గుఱుతుంచుకొనుఁడు. పాతిన కఱ్ఱ లోఁతునఁ గాదు, నేలమట్టముననే ముందుగాఁ గుళ్లును. అచటనే తడియుఁ గలదు, గాలియుఁ గలదు. కఱ్ఱను దినెడు బూజునకు రెండును గావలెను. ఆ చోటనే బరువును నిలిపితిమి. తప్పు కఱ్ఱది కాదు, నాది. ఆతఁడు నన్నొక్కమాటయైన ననలేదు. అనియుండిన నాకు సులువుగా నుండెడిది.

మూఁడవదానిని మఱుసటి వేసవిలో ఆతనిచేతనే కట్టించితిమి. ఈ మాఱు నేను మాటాడక విని, చూచి, వ్రాసికొంటిని. నేను బడిలో సంధులు చెప్పుచుండువాఁడను. కొయ్యలకును సంధులున్నవి. మయమతమను వాస్తుగ్రంథమున సంధికర్మమున కొక యధ్యాయమే కలదు. శబ్దసంధిని గురువులవద్ద నేర్చితిని గాని, కొయ్యసంధిని ఆతనివద్దనే నేర్చితిని. ఆ పాఠమిది.

సావిడి పొడవు ముప్పదియాఱు అడుగులు, వెడల్పు ఇరువది. వరుసకు నాలుగు చొప్పున మూఁడు వరుసలు, పండ్రెండు స్తంభములు. ఒక్కొక్క స్తంభమునకును నాలుగడుగుల గోయి త్రవ్వి, అడుగున ఇటుకముక్కలు దిమ్మెసచేసి, పైన రెండడుగుల చదరముగాఁ గాంక్రీటుదిమ్మె పోయించితిమి. అది నేలపై నడుగున్నర లేచియుండును. స్తంభము నేలను దాఁకదు, దిమ్మెపై నిలుచును. దిమ్మెలో ముందుగాఁ బాతిన రెండినుపబద్దలు స్తంభమును ఇరువైపులఁ బట్టుకొనఁగా, అడ్డముగా బోల్టులు బిగించితిమి. గాలి వీచునపుడు కప్పు క్రిందికిఁ బడుటకంటెఁ బైకి లేచుటకే యెక్కువగాఁ జూచును. దానిని లేవకుండఁ బట్టునది బరువే. ఒక్కొక్క దిమ్మె సుమారొకటిన్నర టన్ను తూఁగును.

అయితే క్రింద దిమ్మె యెంత బరువైనను, నడుమ నొక్క కట్టు వదులైనచో ఫలము లేదు. వాసము వెన్నుదూలమునకును, వెన్నుదూలము నిట్టాడునకును, నిట్టాడు అడ్డదూలమునకును, దూలము స్తంభమునకును, స్తంభము దిమ్మెకును ఇనుపబద్దతోఁ గట్టుపడవలెను. గొలుసులో నొక్క కడియము తెగినను గొలుసు తెగినట్లే గదా. వట్టి మేకు చాలదు. పైకి లాగినచో మేకు దిగినదారినే వచ్చును.

ఇఁక రెండవ యంశము. నులకమంచము వదులైనపుడు కోళ్లు ఒకవైపునకు వంగుట మీరు చూచియుందురు. నాలుగు కఱ్ఱల చట్రము ఎంత లావైనను నిట్లే యొరుగును. మూఁడు కఱ్ఱల ముక్కోణము ఒరుగదు. కావున ప్రతి స్తంభము తలకును దూలమునకును నడుమ ఏటవాలుగా ఊతకఱ్ఱలు రెండు దిక్కులను వేయవలెను. పశువుల త్రోవకు అడ్డని వానిని దీసివేయువారు కలరు. తీయరాదు, స్తంభమునే రెండడుగులు పొడవుగాఁ బెట్టుకొనవలెను. క్రిందిభాగము తొమ్మిదడుగుల యెత్తుండినచో పశువులకును గాలి యాడును.

మూఁడవది కప్పు. రెండువాలుల కప్పుకంటె నాలుగువాలుల కప్పు గాలికి ఎదురునిలుచును. చూరు పొడవుగా ముందుకు రారాదు. పంచకప్పును పెద్దకప్పుతోఁ గలుపక విడిగా వేయవలెను. గాలి దానిని దీసికొనిపోయినను, పెద్దకప్పు మిగులును. క్రింద చుట్టును గోడలు కట్టరాదు. తడికలు చాలును. నీరు వచ్చినచో తడిక పోవును, నీరు త్రోవ దీసికొనును, స్తంభము నిలుచును. గోడ నీటితోఁ బోరాడి, పడుచు స్తంభమునుగూడఁ బడఁద్రోయును.

1990వ సంవత్సరము మే నెల 9వ తేదీ తుపానులో పంచకప్పు పోయినది. తడికలన్నియుఁ బోయినవి. పైగది నిలిచినది. వడ్రంగి వచ్చి చుట్టును దిరిగి చూచి, పోయిన పంచను జూపి, "ఇది పోవలసినదే" అని చెప్పి, చుట్ట ముట్టించుకొనెను.

కట్టుట యిట్లు, ఇఁక నుండుట యెట్లో చెప్పెదను. పశువు మూత్రమునుండి పుట్టెడి ఘాటు పైకే వచ్చును. అది కన్నులకును, ఊపిరితిత్తులకును మంచిది కాదు. పసిపిల్లలకు మఱింత చెఱుపు. అందుచేఁ బశువుల నేలను వాటముగాఁ జేసి, కాలువ పెట్టి, దినమునకు రెండుమాఱులు పేఁడ యెత్తి కడుగవలెను. పెంటకుప్ప గదికి గాలివాటున నుండరాదు. పైగది నేలచెక్కలను సందులేకుండఁ గూర్పవలెను. మెట్లు లోపలినుండి గాక వెలుపలినుండియే యుండవలెను. రెండవ దారి యొకటి వేఱొక ప్రక్క నుండవలెను. పెద్దగేదెకు నిలుచుటకును, పండుకొనుటకును నలువది చదరపుటడుగులైనను గావలెను. ఎనిమిదింటికి మూఁడువందల యిరువది. స్థలమున్నది గదా యని మఱి నాలుగింటిని జొప్పింపరాదు.

ఎండుగడ్డిని పైన నిలువచేయరాదు. తడియాఱని గడ్డి తనలోఁ దానే వేఁడెక్కి యంటుకొనును. వామి దూరముగా నుండవలెను. ధాన్యము పైన పెట్టినచో మూలలఁ గుప్పవేయక, స్తంభములపైఁ బోవు దూలముల వెంబడి పఱచిపెట్టవలెను.

నేఁడు మంచి కొయ్య దొరకుట కష్టము. కాంక్రీటు స్తంభములైనను, ఇనుపగొట్టములైనను వాడవచ్చును. కాని సముద్రపు గాలి ఇనుమును దినును. రంగు వేయుట మానరాదు. కాంక్రీటులోని యినుపచువ్వ పైకిఁ గనఁబడరాదు. పైన మనుష్యులుండు కట్టడము గనుక నిర్మాణము తెలిసిన ఇంజనీరునకుఁ జూపియే పునాది తీయవలెను. ఒకప్పుడు నేనును చదువుకొన్నవాఁడననియే సలహా చెప్పితినని మఱవకుఁడు. ఆ పని తెలిసినవాని చదువే యా పనికి చదువు.

కడపట నొక్కమాట. ఇట్టి పైగది సామాన్యపు వఱదకే. పెద్ద యుప్పెనకు నది రక్ష కాదు. 1977 తరువాత మా తీరమున ప్రభుత్వము తుపానురక్షణ భవనములు కట్టించినది. వానిలోఁ బెక్కింటిని స్తంభములపై నెత్తి, క్రింద ఖాళీగా విడిచిరి. మన సావిడి కున్న సూత్రమే యది. కాని వాని బలము వేఱు. హెచ్చరిక వచ్చినపుడు, నా గది గట్టిది యని యింటఁ గూర్చుండరాదు. 1990లో మేమును గదిలో నుండలేదు. ముందుగాఁ బలుపులు విప్పి పశువులను మెరకకుఁ దోలి, పిమ్మట మేము పోతిమి. నీరు వచ్చిన తరువాత విప్పుదమనుకొనుట నాన్నగారి యనుభవమును మఱల కొనితెచ్చుకొనుటయే.

పలుపును ఎల్లప్పుడును జాఱుముడితోనే కట్టవలెను. పశువు లాగినచో బిగియును. మనము విడికొస లాగినచో ఊడును. ఇంటిలోని యాఁడువారికిని, పిల్లలకును చీఁకట్లోఁ గూడ నా ముడి విప్పుట నేర్పవలెను. నానిన త్రాటిని నమ్మరాదు గనుక మెట్లవద్ద స్తంభమునకు నొక కొడవలి గ్రుచ్చియుంచవలెను. మా సావిడిలో నాన్నగారు 1979లోఁ బెట్టిన కొడవలి యున్నది. పిడి రెండుమాఱులు మాఱినది. దానితో గడ్డి కోయుట మా యింట నిషిద్ధము.

ఇదంతయు విని మా తమ్ముని కుమారుఁడు, "కట్టవచ్చునన్నమాటయేనా, పెదనాన్నా?" అని యడిగెను. "కట్టుము. కప్పునుండి దిమ్మెదాఁక ఏ కట్టును ఊడరానట్లు కట్టుము. పశువు మెడనున్నదానిని మాత్రము ఒక్క లాగునకు ఊడునట్లు కట్టుము" అంటిని. వాఁడు మొన్న మొదటి గోయి త్రవ్వించినాఁడు. నేను పోయి చూచితిని. లోఁతు నాలుగడుగులున్నది. మూఁడేండ్ల మనుమరాలు గట్టున గూర్చుండి, త్రాటిముక్కతో జాఱుముడి వేయుచున్నది.

పెద్దలగు మీకుఁ దెలియని దేదియు నేను జెప్పలేదు. మీ యూళ్లలో నిట్టి కట్టడమునకుఁ బూనుకొను పడుచువారుండినచో, ముందుగా గోతియొద్దకుఁ బోయి చూచి రండని మాత్రము వేఁడుకొని, సెలవు గైకొనుచున్నాను.