మనసు ఎక్కడుంది?



పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది. చంకలో పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తుంటాడు. రేపు సంఘంలో కిస్తీ కట్టాలి. చేతిలో చిల్లిగవ్వ లేదు. చెయ్యి గంజి వారుస్తుంటుంది. మనసు రేపటి కిస్తీ మీద ఉంటుంది. గంజి చేతి మీద పడుతుంది. కోపం పిల్లాడి వీపు మీద పడుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతీ కాదు.

మనసుకు బరువైతే ఒంటికి తెలుస్తుంది. గుండె గబగబా కొట్టుకుంటుంది. ఊపిరి పైపైనే ఆడుతుంది. మెడ, భుజాలు బిగుసుకుంటాయి. నిద్ర పట్టదు. పాము ఎదురైనా ఒళ్లు ఇలాగే అవుతుంది. పాము పోతే కుదుటపడుతుంది. కానీ అప్పు పాములా పోదు. రాత్రీ పగలూ లోపల బుసకొడుతూనే ఉంటుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. చేసే పని మీదే మనసు నిలపడం. దీన్ని ఎరుక అంటారు. ఊపిరిని గమనించడం ఎన్నో వందల ఏళ్ల కిందట బుద్ధుడు నేర్పాడు. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఆసుపత్రి రోగులకు దీన్ని నేర్పసాగాడు. 1994లో ఢిల్లీ తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఇలాంటి ధ్యానమే చేశారు.

ఎలా చెయ్యాలి?

గోడకు ఆనుకుని కూర్చోండి. ఊపిరి చల్లగా లోపలికి వస్తుంది. వెచ్చగా బయటికి పోతుంది. దాన్ని గమనించండి. మనసు కిస్తీ దగ్గరికి పరుగెడుతుంది. తిట్టుకోవద్దు. మేకపిల్లను దొడ్లోకి తోలినట్టు మెల్లగా వెనక్కి తెండి. ఐదు నిమిషాలు చాలు. కూర్చునే తీరిక లేదా? అంట్లు తోమేటప్పుడు నీళ్ల చల్లదనం మీద మనసు పెట్టండి.

ఇలా చేస్తే అప్పు తీరుతుందా? తీరదు. కానీ కోపానికీ దెబ్బకీ నడుమ ఒక్క క్షణం దొరుకుతుంది. ఎత్తిన చెయ్యి దిగుతుంది. గడువు ఎవర్ని అడగాలో తోస్తుంది.

ఒక్క మాట మరువొద్దు. తాగి కొట్టే మొగుణ్ని ఊపిరి చూసుకుంటూ భరించమని కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు చదువు కోసం ఒకచోట చేరారు. 1992 నాటికి సారా మీద తిరగబడ్డారు. కొన్ని బరువులు నలుగురూ కలిసే దించాలి. ఇంట్లో దెబ్బలు పడుతుంటే 181కి ఫోను చెయ్యండి. దిగులు ఎన్నాళ్లకీ తగ్గకపోతే 14416కి చెయ్యండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. డబ్బు తీసుకోరు.

ఈ పూట గంజి వార్చేటప్పుడు ఒక్కసారి అడగండి: మనసు ఎక్కడుంది?