మేల్కొనని యంత్రము

హైటెక్ సిటీకి చేరువనున్న నిజాంపేటలో కంప్యూటరు కొలువుతో జీవించు కుటుంబము లనేకము. ఇంటి కంప్యూటరు మీట నొక్కినను మేల్కొనకున్నచో ఇల్లెల్ల కలవరపడును. అది యెచ్చట నాగినదో కనిపెట్టినచో లోపము సగము తెలిసినట్లే.

దీపము వెలుగకున్న విద్యుత్తు త్రాడును చూడవలెను. పంకా తిరుగుచు తెర చీకటిగా నున్న తెర తీగను, పిమ్మట త్రాడు ఊడదీసి ర్యామ్ పలకను సరిచేయవలెను. సంస్థ చిహ్నము కనబడి నిలిచిపోయినచో పెన్‌డ్రైవును తీసి చూడవలెను. అప్పటికిని లేవకున్న సేఫ్ మోడ్ శరణ్యము.

ఇందుకు నిదర్శనము గలదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన యొక తప్పు ఫైలు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలితెరతో నిలిచిపోయెను. శంషాబాదు విమానాశ్రయమున చేతివ్రాత బోర్డింగు పాసులిచ్చిరి. సేఫ్ మోడ్‌లో ఆ ఒక్క ఫైలును తొలగింపగా యంత్రములు చాలవరకు లేచినవి. చెడినది యంత్రము కాదు. అందలి దస్త్రములును కావు.

కావున తొందరపడి డిస్కును తుడిచివేయరాదు. ఇంటి లెక్కలు, పిల్లల ఛాయాచిత్రములు అందులోనే యుండును. డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించియైనను ముందు వానికి నకలు తీయవలెను. యంత్రమును మరల కొనవచ్చును. పోయిన చిత్రమును కొనలేము. చిట్టాకు నకలున్న యింట చెదపురుగు భయము లేదు.