నిదానంగా పరుగెత్తడం నేర్చుకుందాం
(చాతంలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "అల్ట్రా మారథాన్ ఎలా మొదలుపెట్టాలి" అని. భోజనాలకు ముందు పరుగు గురించి మాట్లాడమనడం కాస్త కష్టమైన డ్యూటీయే. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలు అన్నారు. అల్ట్రా పరుగువాడు ఈ రెండూ చేస్తాడండీ. పరిగెత్తుతాడు, అవసరమైనచోట నిలబడి నీళ్ళూ తాగుతాడు. ఆ నిలబడటం తెలియనివాడికి ఈ పరుగు అచ్చిరాదు. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అది దాటిన ఏ పరుగైనా అల్ట్రాయే. 50 కిలోమీటర్లు, 50 మైళ్ళు, 100 కిలోమీటర్లు, 100 మైళ్ళు అని దూరాన్నిబట్టి కొన్ని పోటీలు. 6 గంటలు, 12 గంటలు, 24 గంటలు అని కాలాన్నిబట్టి కొన్ని. ఇచ్చిన సమయంలో ఎవరెంత దూరం పోతే అంత. 2022లో బెంగళూరులో జరిగిన ఆసియా, ఓషియానియా 24 గంటల పోటీలో మన దేశ పురుషుల జట్టు స్వర్ణం గెలిచింది. కాబట్టి ఇది మనకు చేతకాని పని కాదు.

ఈ ఆట పుట్టుకలో సైనికుల చెయ్యి చాలా ఉంది. క్రీస్తుపూర్వం 490లో ఏథెన్స్ నుంచి స్పార్టాకు సహాయం కోరుతూ ఒక వార్తాహరుడు పరుగెత్తి వెళ్ళాడని హెరొడోటస్ రాశాడు. అది మనిషికి సాధ్యమేనా అని 1982లో బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ వింగ్ కమాండర్ జాన్ ఫోడెన్, తోటి అధికారులతో కలిసి ఆ దారిన పరుగెత్తి చూశాడు. ఆయనకు 37 గంటలు పైచిలుకు పట్టింది. మరుసటి ఏడాదినుంచి అదే స్పార్టథ్లాన్ పోటీ అయింది. దూరం 246 కిలోమీటర్లు, గడువు 36 గంటలు. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ మారథాన్ ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడి వచ్చిన విక్ క్లాఫమ్ అనే సైనికుడు, చనిపోయిన తన సహచరుల జ్ఞాపకార్థం 1921లో దాన్ని మొదలుపెట్టాడు. రమారమి 90 కిలోమీటర్లు. మొదటి ఏడు బయలుదేరినవారు 34 మంది, చేరినవారు 16 మంది. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ అనే 100 మైళ్ళ గుర్రపు పందెం దారిని మొదట కాలినడకన పూర్తిచేసినవారు కూడా 1972లో ఫోర్ట్ రైలీ నుంచి వచ్చిన సైనికులే. 20 మంది బయలుదేరితే 7 మంది గమ్యం చేరారు.

ఈ అంకెలు ఎందుకు చెప్పానంటే, చేరినవారి సంఖ్యతో పాటు చేరనివారి సంఖ్య కూడా గమనించండి. వాళ్ళూ సైనికులే. వాళ్ళనెవరూ పిరికివాళ్ళనలేదు.

ఇక మన సంగతికి వద్దాం. ఫౌజీకి పరుగు కొత్త కాదు. సైన్యంలో పీపీటీకి 2.4 కిలోమీటర్లు, బీపీఈటీకి ఆయుధంతో, వీపు మీద బరువుతో 5 కిలోమీటర్లు ఉండేవి. రెండింటికీ స్టాప్‌వాచ్ ఉండేది. అంటే మన శరీరం నేర్చుకున్నది ఉన్న శక్తినంతా కొద్ది నిమిషాల్లో ఖర్చుపెట్టడం. అల్ట్రాకి కావలసింది దానికి సరిగ్గా వ్యతిరేకం. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత నెమ్మదిగా పోవాలి. మాట తెగిందంటే వేగం ఎక్కువైందని అర్థం. నెమ్మదిగా పోతే శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుని, కండరాల్లో దాచుకున్న చక్కెరను పొదుపు చేస్తుంది. ఆ నిల్వ పరిమితమైనది. వేగంగా పోతే రెండు గంటలు దాటి కొద్దిసేపటికే ఖాళీ అయి, కాళ్ళు మొరాయిస్తాయి.

లెక్క చూడండి. 25 నిమిషాలు పరుగు, 5 నిమిషాలు చురుకైన నడక అనుకుందాం. పరుగు కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు, నడక పది నిమిషాలు. అరగంటకు 3.8 కిలోమీటర్లు అవుతుంది. ఇలా పోతే 50 కిలోమీటర్లు సుమారు ఆరున్నర గంటల్లో అయిపోతాయి. నడవడం సిగ్గుపడాల్సిన పని కాదు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా పెద్ద ఎత్తులు నడిచే ఎక్కుతారు.

మొదలుపెట్టేముందు ఒక్కసారి డాక్టరుకు చూపించుకోండి. నలభై దాటినవాళ్ళు బీపీ, షుగర్, ఈసీజీ, డాక్టరు అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. సర్వీసులో ఉన్నవారికి ఎంఐ రూమ్ ఉంది, రిటైరైనవారికి ఈసీహెచ్ఎస్ ఉంది. "నేను పాతికేళ్ళు పీటీ చేసినవాణ్ణి, నాకేమవుతుంది" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. రిటైరైన మర్నాటి నుంచి పీటీ ఆగిపోతుంది, మెస్సు తిండి అలవాటు మాత్రం ఆగదు. పదేళ్ళ క్రితం పరుగెత్తిన గుండె, ఇప్పుడున్న గుండె ఒకటి కావు.

తరువాత ప్రణాళిక. ఏమీ చేయనివారు 30 నిమిషాల నడకతో మొదలుపెట్టి, మూడు నాలుగు నెలల్లో 10 కిలోమీటర్లకు రావచ్చు. అక్కడినుంచి హాఫ్ మారథాన్, తరువాత మారథాన్, ఆ తరువాతే 50 కిలోమీటర్లు. దీనికంతటికీ ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పెట్టుకోండి. వారానికి నాలుగు రోజులు చాలు. రెండు రోజులు 40 నిమిషాల తేలిక పరుగు, శనివారం పొడవైన పరుగు, ఆదివారం అలసిన కాళ్ళతో మరొక మధ్యరకం పరుగు. శనివారం 24 కిలోమీటర్లయితే ఆదివారం 16 అన్నమాట. వారం వారం దూరం పదో వంతుకు మించి పెంచొద్దు. ప్రతి నాలుగో వారం తగ్గించండి. గుండె, ఊపిరితిత్తులు వారాల్లో అలవాటు పడతాయి. స్నాయువులు, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. దెబ్బలు తగిలేది ఈ తేడా వల్లే. ఈ దీవిలో 1883 నుంచి రంపపు మిల్లు ఉంది కదా. అక్కడికి వచ్చే పడౌక్ దుంగను అడగండి, గట్టి చేవ ఎన్నాళ్ళకు వస్తుందో చెబుతుంది.

"చాతం చిన్నది, పరిగెత్తడానికి చోటేది" అని కొందరంటారు. 24 గంటల పోటీలు చాలాచోట్ల 400 మీటర్ల ట్రాక్ మీదే జరుగుతాయి. 100 కిలోమీటర్లంటే 250 చుట్లు. చుట్లు తిరగడం మనసుకు మంచి శిక్షణ, పైగా నీళ్ళు, తిండి ఎప్పుడూ దగ్గరే ఉంటాయి. దూరం కావాలంటే వంతెన దాటి హాడో మీదుగా ఊళ్ళోకి పోవచ్చు. ఎత్తు కావాలంటే ఇక్కడి జెట్టీలోనే ఫెర్రీ ఎక్కి బాంబూ ఫ్లాట్‌లో దిగండి. మౌంట్ హారియెట్, అదే 2021 నుంచి మౌంట్ మణిపూర్, 350 మీటర్లకు పైగా ఎత్తు. ఎక్కేటప్పుడు నడవండి, దిగేటప్పుడు చిన్న అడుగులు వేయండి. తొడలు నొప్పిపెట్టేది దిగేటప్పుడే. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద మాత్రం జిర్కాటాంగ్ దాటి ఆలోచన వద్దు. అది జారవాల రిజర్వు, వాహనాలకే కాన్వాయ్ తప్పనిసరి.

ఇక్కడ మనకున్న లాభం, తెల్లవారుజామున అయిదింటికే వెలుతురు రావడం. నష్టం, గాలిలో తేమ. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ చెమట కారిపోతుంది గాని ఆరదు. అందుకే 30 డిగ్రీలకే ఒంట్లో వేడి పెరిగిపోతుంది. మెయిన్‌లాండ్ నుంచి కొత్తగా పోస్టింగ్ వచ్చినవారు మొదటి పది, పద్నాలుగు రోజులు తక్కువ దూరంతో అలవాటు పడాలి.

తిండి సంగతి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది. ఉప్పు అద్దిన ఉడికిన బంగాళాదుంప, బెల్లం, పల్లీపట్టీ, మజ్జిగ, ఇక్కడ దండిగా దొరికే కొబ్బరినీళ్ళు, అన్నీ పనికొస్తాయి. పోటీ రోజున కొత్తది ఏదీ తినొద్దు. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి, పాదాలు ఉబ్బుతాయి. డీఎంఎస్ బూట్లతో ప్రయోగాలు వద్దు.

నీళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. నీళ్ళు తక్కువైతే ఎంత ప్రమాదమో, అతిగా తాగినా అంతే ప్రమాదం. దాహం లేకుండా లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతి, వేళ్ళు ఉబ్బడం, తికమక మాటలు వస్తాయి. చూసేవాళ్ళు డీహైడ్రేషన్ అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తారు, ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి దాహం వేసినప్పుడు తాగండి. పరుగుకు ముందూ వెనుకా బరువు చూసుకోండి. ఒకటి రెండు శాతం తగ్గితే సహజం. పెరిగిందంటే అతిగా తాగారని అర్థం. నొప్పి మాత్రలు వేసుకుని పరిగెత్తొద్దు. ఐబూప్రోఫెన్ లాంటివి ఆ స్థితిలో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఇప్పుడు అసలు మాట. మనకు నేర్పిన మొదటి పాఠం వెనక్కి తగ్గకూడదని. ఆ పాఠం వల్లే మనం ఈ పరుగుకు తగినవాళ్ళం. ఆ పాఠమే మనవాళ్ళ ప్రాణం తీయగలదు కూడా. పక్కవాడు చూస్తున్నాడని, జూనియర్ ముందుకు పోయాడని, యూనిట్ పేరు పోతుందని పరుగు కొనసాగించే మనిషికి శరీరం ఇచ్చే హెచ్చరిక వినబడదు. సరిహద్దులో ఆగకపోవడం కర్తవ్యం. ఆదివారం పోటీలో ఆగకపోవడం కర్తవ్యం కాదండీ. ఛాతీలో నొప్పి, మాట తడబాటు, దారి తెలియకపోవడం, టీ డికాషన్ రంగు మూత్రం, వీటిలో ఏది కనిపించినా అక్కడే ఆగాలి. ఎండదెబ్బ తగిలినవాడు తన స్థితి తాను గుర్తించలేడు. అందుకే జోడీ లేకుండా దూరం పరుగులు పెట్టుకోవద్దు. జోడీదారు "ఆగు" అంటే అది ఆర్డరు, ర్యాంకు చూడొద్దు. ఒళ్ళు కాలుతూ మనిషి పడిపోతే బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ముందు నీడకు చేర్చి, ఐసు, చల్లని నీళ్ళతో ఒళ్ళంతా చల్లబరచండి. ఆ తరువాతే ఆసుపత్రికి.

కామ్రేడ్స్ పోటీలో 12 గంటలు కాగానే తుపాకీ పేలుతుంది. అది పేల్చే వ్యక్తి పరుగువాళ్ళకు వీపు చేసి నిలబడతాడు, గీతకు రెండడుగుల దూరంలో ఆగిపోయినవారిని చూడకుండా. ఆ రోజు చేరనివారు ఎందరో మరుసటి ఏడాది మళ్ళీ వస్తారు. రావాలంటే ప్రాణంతో ఉండాలి కదా.

రిటైరైన సోదరులకు ఒక మాట. సర్వీసులో ఎవరో విజిల్ వేస్తే పరిగెత్తాం. ఇప్పుడు విజిల్ లేదు. చాలామంది మనవాళ్ళు మొదటి రెండేళ్ళలో ఒంటరితనంతో, ఏం చేయాలో తెలియక కుంగిపోవడం మనమంతా చూస్తున్నదే. పొద్దున్నే నలుగురు కలిసి వంతెన దాటి నడిచి రావడం అందుకొక మందు. 50 కిలోమీటర్లు చేస్తారా లేదా అన్నది తరువాతి మాట. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు వారానికి ఒక్క రోజు వాళ్ళతో కలిసి నడవండి. నెమ్మదిగా పోవడం ఎలాగో వాళ్ళే మీకు నేర్పుతారు.

ఆసక్తి ఉన్నవారు ఈ సభ అయ్యాక పేర్లు ఇవ్వండి, పేరు పక్కన బీపీ అంకె కూడా రాయండి. మొదటి నెల నడక మాత్రమే.  భోజనం కడుపునిండా చేయండి, పరుగు రేపటినుంచి.

జై హింద్.