ఇంకా చేతికి రాని మందు

 

స్నాతకోత్సవానికి వచ్చిన అతిథి విజయాల గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను న్యూరాలజిస్టుని. పార్కిన్సన్స్, అల్జీమర్స్, మోటార్ న్యూరాన్ జబ్బు చూసే వార్డులో పూర్తిగా నయమై ఇంటికి వెళ్ళేవాళ్ళు ఉండరు. అందుకని నాకు బాగా తెలిసిన సంగతే ఎంచుకున్నాను. చావుబతుకుల్లో ఉన్న మెదడు కణాలను కాపాడాలని, పోయినవాటి చోట కొత్తవి పెట్టాలని చేసిన ప్రయోగాల కథ అది. వాటిలో చాలాభాగం ఓడిపోయాయి.

ముందు గెలిచిన కథ ఒకటి చెబుతాను. వణుకుడు జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించాడు. మన ఆయుర్వేదులు కంపవాతమన్నారు. మెదడులో ఏది తగ్గితే ఆ వణుకు వస్తుందో తెలియడానికి మరో నూట నలభై ఏళ్ళు పట్టింది. తెలియడంలో మన మొక్క ఒకదానికి పాత్ర ఉంది. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను 1950లలో రక్తపోటుకు వాడేవారు. స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్ళకు ఇస్తే అవి చెవులు వాల్చి కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా అనే రసాయనం ఎక్కించగానే లేచి తిరిగాయి. వియన్నాలో హార్నికివిచ్ చనిపోయిన రోగుల మెదళ్ళు పరీక్షించి, వాటిలో డోపమిన్ అనే రసాయనం బాగా అడుగంటిపోయిందని 1960లో తేల్చాడు. మరుసటి ఏడే వైద్యుడు బిర్క్‌మేయర్‌తో కలిసి ఎల్-డోపాను రోగులకు ఇచ్చాడు.

ఆ ఎల్-డోపా దూలగొండి గింజల్లో ఉందని మద్రాసులో దామోదరన్, రామస్వామి 1937లోనే వేరుచేసి చూపించారు. అవును, మీరు బళ్ళో పక్కవాడి చొక్కాలో వేసిన ఆ దూలగొండే. దానితో పార్కిన్సన్స్ రోగి నడుస్తాడని అప్పటికి ఎవరికీ తెలియదు. (గింజలు నమలమని చెప్పడం లేదు. మోతాదు తెలియని మందు మందు కాదని మీకు నేను చెప్పాలా?)

మంచానికి అతుక్కుపోయిన మనిషి ఈ మందు పడగానే లేచి నడవడం నేను ఎన్నోసార్లు చూశాను. అయితే అది లోటు పూడుస్తుందే గాని కణాలు చావకుండా ఆపలేదు. చెయ్యి వణకడం మొదలయ్యేనాటికే డోపమిన్ తయారుచేసే కణాల్లో చాలాభాగం పోయి ఉంటాయి. మిగిలినవీ పోతూనే ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ మోతాదు పెరుగుతుంది, ఒంట్లో అదుపులేని మెలికలు మొదలవుతాయి. మరి కొత్త కణాలే పెడితే?

1987లో స్వీడన్‌లోని లుండ్‌లో బ్యోర్క్‌లుండ్, లిండ్‌వాల్ బృందం ఆ పని చేసింది. గర్భస్రావమైన పిండాల నుంచి నాడీకణాలు తీసి రోగుల మెదడులో నాటారు. మొదట్లో ఫలితం అంతంతమాత్రం. తర్వాతి రోగుల్లో కొందరు ఎల్-డోపా మానేసేటంత బాగుపడ్డారు. వార్త ప్రపంచమంతా పాకింది. అప్పుడు అమెరికాలో ఒక బృందం అందరికీ చిరాకు తెప్పించే ప్రశ్న అడిగింది: బాగుపడినది కణాల వల్లేనా, ఆపరేషన్ జరిగిందన్న నమ్మకం వల్లా?

తేల్చడానికి 40 మంది రోగులను తీసుకున్నారు. సగం మందికి కణాలు నాటారు. మిగతా సగం మందికి పుర్రెకు రంధ్రాలు పెట్టారు గాని సూది లోపలికి పోనివ్వలేదు. ఎవరు ఏ గుంపులో ఉన్నారో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. ఉత్తపుణ్యానికి పుర్రెకు రంధ్రం పెట్టడం ధర్మమేనా అని పెద్ద గొడవ జరిగింది. గొడవ న్యాయమైనదే. కానీ 2001లో ఫలితాలు వచ్చాక, ఆ ప్రయోగం జరగకపోతే ఎన్ని వేలమంది తలలకు రంధ్రాలు పడేవో అనిపించింది. ఏడాది తర్వాత ఎంత మెరుగయ్యామని రోగులు తమకు తాము వేసుకున్న మార్కుల్లో రెండు గుంపులకూ తేడా లేదు. అరవై లోపువారికి కదలికల్లో కొంత మేలు కనిపించింది. కణాలు నాటినవారిలో 15 శాతం మందికి మాత్రం, మందు తగ్గించినా ఆపినా ఆగని మెలికలు మిగిలాయి. ఇంకో సంగతి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. తమకు కణాలు పెట్టారని నమ్మినవాళ్ళు, నిజంగా పెట్టినా పెట్టకపోయినా, తమ బతుకు మెరుగైందనే చెప్పారు. రోగి అబద్ధమాడలేదు, డాక్టరూ మోసం చేయలేదు. ఆశకు అంత బలం ఉంది.

2008లో మరో దెబ్బ తగిలింది. పది పదిహేనేళ్ళ కిందట కణాలు నాటించుకున్న కొందరు చనిపోయాక వాళ్ళ మెదళ్ళు కోసి చూస్తే, పిండం నుంచి వచ్చిన ఆ లేత కణాల్లోనూ పార్కిన్సన్స్‌కు గుర్తయిన లూయీ ముద్దలు కనిపించాయి. చౌడు తగ్గించకుండా నాటిన నారుకు కూడా ఆ చౌడే తగిలింది. కొత్త కణాలు నాటే పరిశోధన వేరు, ఉన్నవాటిని కాపాడే పరిశోధన వేరు అనుకున్నవాళ్ళం, రెండూ ఒకే పని అని అప్పటినుంచే గట్టిగా ఒప్పుకున్నాం.

షిన్యా యమనక 2006లో ఎలుక చర్మకణానికి నాలుగు జన్యువులు అందించి దాన్ని మూలకణంగా వెనక్కి మళ్ళించాడు. మరుసటి ఏడు మనిషి కణంతోనూ అదే సాధించాడు. 2012లో నోబెల్ వచ్చింది. ఇక పిండాల కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆయన పనిచేసే క్యోటోలోనే జున్ తకహాషి బృందం ఇలాంటి కణాలతో తయారైన నాడీకణాలను ఏడుగురు పార్కిన్సన్స్ రోగుల మెదడులో నాటింది. 2025లో ఫలితాలు ప్రచురించారు. రెండేళ్ళ పాటు చూస్తే కణితులు రాలేదు. లెక్కలోకి తీసుకున్న ఆరుగురిలో నలుగురికి, మందు ప్రభావం లేని సమయంలో కదలికలు మెరుగయ్యాయి. అదే సమయంలో అమెరికాలో పిండ మూలకణాలతో పన్నెండుమందికి చేసిన ప్రయోగం కూడా సురక్షితమేనని తేలింది. నాకు ఇవి నిజంగా సంతోషం కలిగించిన వార్తలు. కానీ ఏడుగురు, పన్నెండుమంది, పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. 2001 నాటి పాఠం గుర్తున్నవాడెవడూ వీటిని చూసి చప్పట్లు కొట్టి ఊరుకోడు. పెద్ద ప్రయోగాలు జరగాలి.

ఇందులో పార్కిన్సన్స్ అదృష్టం కొంత ఉంది. పోయేది ఒక చోట, ఒక రకం కణాలు, ముఖ్యంగా ఒక రసాయనం. అల్జీమర్స్‌లో ఏ కణాన్ని తెచ్చి ఎక్కడ పెడతాం? జ్ఞాపకం ఏ ఒక్క కణంలోనూ లేదు.

కాపాడే మందుల కథ ఇంకా నిరాశ. కోఎంజైమ్ క్యూ10ను 600 మంది పార్కిన్సన్స్ రోగుల్లో పరీక్షించి చూశారు, పనిచేయలేదు. క్రియాటిన్‌ను 1,741 మందిలో పరీక్షించి, లాభం లేదని తేలి మధ్యలోనే ఆపేశారు. రెండూ ఇప్పటికీ మందుల షాపుల్లో మెదడుకు మంచిదన్న మాటతో అమ్ముడవుతున్నాయి. మోటార్ న్యూరాన్ జబ్బుకు 1995లో వచ్చిన రిలుజోల్ రెండు మూడు నెలల ఆయుష్షు పెంచుతుంది. అల్జీమర్స్‌కు లెకనెమాబ్ ఏడాదిన్నరలో దిగజారడాన్ని 27 శాతం నెమ్మదింపజేసింది, కొందరికి మెదడులో వాపు తెచ్చింది. ఎలుకల్లో అద్భుతాలు చేసిన మందులు మనిషి దగ్గరికొచ్చి ఎందుకు చతికిలపడతాయి? ఎలుకకు జబ్బు మనమే తెప్పిస్తాం, ఎప్పుడు మొదలవుతుందో మనకు ముందే తెలుసు, చాలాసార్లు మందు అంతకు ముందే వేస్తాం. మనిషి మన దగ్గరికి వచ్చేసరికి జబ్బు లోపల ఏళ్ళ తరబడి సాగి ఉంటుంది.

ఇక్కడ హైదరాబాదు మాట ఒకటి చెప్పాలి. నిమ్స్‌లో పనిచేసిన రోజుల్లో సువర్ణ అల్లాడి, సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు, మూడు భాషలు మాట్లాడేవారికి లక్షణాలు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించాయి. బడి మొహం చూడనివారిలో కూడా. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ ఉర్దూ, పని దగ్గర హిందీ మాట్లాడే నగరం కాబట్టే అలాంటి పరిశీలన వీలైంది. ఇది కూడా రుజువు కాదు, సంబంధం మాత్రమే. అయినా ఏ మందుల కంపెనీ ఇంతవరకు ఇవ్వలేని వ్యవధి అది.

పట్టా పట్టుకుని బయటికి వెళ్ళగానే మీకు ఎదురయ్యే ప్రశ్న వేరుగా ఉంటుంది. "డాక్టరు గారూ, స్టెమ్ సెల్ ఇంజెక్షన్ వేస్తారంట, ఎకరం అమ్మాం, వేయించమంటారా?" అడిగేది మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చిన నలభై ఏళ్ళ మనిషి భార్య. ఆ మనిషికి చేతులు పడిపోయి ఉంటాయి, మాట ముద్దగా వస్తుంటుంది. మీరు ఫార్మసీ చదివినా, ఫిజియోథెరపీ చదివినా, బయోటెక్నాలజీ చదివినా ఆ ఊళ్ళో చదువుకున్నది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతారు.

స్టెమ్ సెల్ చికిత్స అంతా మోసమని చెప్పకండి, అదీ అబద్ధమే. ఎముక మజ్జ మార్పిడి దశాబ్దాలుగా ప్రాణాలు నిలుపుతోంది. సున్నం పడి కార్నియా తెల్లబారిన పిల్లలకు, కంటి అంచున ఉండే మూలకణాలను పెంచి అతికించే పద్ధతిని హైదరాబాదు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001 నుంచి చేస్తోంది. చూపు తిరిగి వచ్చినవారు ఎందరో ఉన్నారు. కన్ను పైపొర కణానికి చేయాల్సిన పని ఒకటే. అతికిందో లేదో దీపం వేసి చూస్తే తెలుస్తుంది. వెన్నుపాములో పోసిన కణం ఎక్కడికి పోయిందో, దేనితో కలిసిందో, ఏమైందో చూపించగలిగినవాడు ఆ ఇంజెక్షన్లు వేసే క్లినిక్కుల్లో లేడు.

ఏమవుతుందో మనకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఒక అబ్బాయికి పుట్టుకతో వచ్చిన నాడీ జబ్బు. తొమ్మిదేళ్ళ వయసులో మొదలుపెట్టి తల్లిదండ్రులు మాస్కో తీసుకెళ్ళి పిండాల నాడీ మూలకణాలు వేయించారు. నాలుగేళ్ళకు మెదడులో, వెన్నులో కణితులు కనిపించాయి. పరీక్షిస్తే వాటి కణాలు ఆ పిల్లవాడివి కావు, దాతలవి. ఆ తల్లిదండ్రులు తెలివితక్కువవాళ్ళు కారు. వేరే దారి లేదని చెప్పినవాళ్ళున్నారు గాని, పక్కన కూర్చుని మాట్లాడినవాళ్ళు లేకపోయి ఉంటారు.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్త మూలకణాల మార్పిడి వంటివి తప్పిస్తే, మిగతా స్టెమ్ సెల్ వాడకం అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో మాత్రమే జరగాలి. ట్రయల్‌లో చేరే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. ఎకరం అమ్మమన్నారంటే అది ట్రయల్ కాదని అక్కడే తేలిపోతుంది.

ల్యాబుల్లోకి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. మీ ప్రయోగం విఫలమైతే అది కూడా ప్రచురించండి, సొరుగులో పెట్టకండి. ఆ 1,741 మంది క్రియాటిన్ ఫలితం ఎవరైనా దాచి ఉంటే ఈ రోజుకీ మేమంతా దాన్ని రాసిస్తూ ఉండేవాళ్ళం.

ఆసుపత్రులకూ ఊళ్ళకూ వెళ్ళేవాళ్ళకు నా విన్నపం. ఆ భార్య అడిగినప్పుడు వద్దని ఒక్క ముక్కలో చెప్పి పంపేయకండి. మింగడం కష్టమైతే ఏం చేయాలో, ఊపిరి తగ్గినప్పుడు ఏ యంత్రం సాయపడుతుందో, రిలుజోల్ ఎంతవరకు పనిచేస్తుందో కూర్చోబెట్టి చెప్పండి. దేశంలో జరిగే ట్రయల్స్ నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐ వెబ్‌సైటు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇంజెక్షన్ ఊసు మళ్ళీ వస్తే దాన్ని మీ ఫోన్‌లో తెరిచి, ఆ క్లినిక్కు పేరు అందులో ఉందో లేదో ఆమెతో కలిసి వెతకండి.