మూలాధారము – మనిషి కుదురు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన ఈ శుభసమయమున మూలమును గూర్చి ముచ్చటించుకొనుట సముచితము. 1886లో విశాఖపట్నమున మంతెన ఆదినారాయణమూర్తిగారు 'సరస్వతీ నిలయము'ను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున పౌర గ్రంథాలయములకు అదియే మొదలని చెప్పుదురు. నాడచట నాటిన విత్తనమే ఊరూర మొలకెత్తి ఇట్టి పల్లె గ్రంథాలయముల వఱకు వచ్చినది.

ఆ విశాఖపట్నము నుండియే ఇపుడు మఱియొక మూలము పల్లెలకు వచ్చుచున్నది. అది 'మూలాధార చక్రము' అను మాట. ఓడరేవులోను, ఉక్కు కర్మాగారములోను, కంపెనీలలోను పనిచేయు బిడ్డలు పండుగలకు ఇల్లు చేరునపుడు ఈ మాటను వెంట దెచ్చుచున్నారు. మూలాధారము చెడినందుననే నిద్ర పట్టుట లేదని ఒకరందురు. దానిని ఇన్ని దినములలో మేల్కొల్పెదము, ఇంత రుసుము చెల్లింపుడని సెల్‌ఫోనులో ప్రకటనలు వచ్చుచున్నవి. విన్నవారిలో నమ్మి డబ్బు కట్టువారును కలరు, నవ్వి త్రోసిపుచ్చువారును కలరు. ఇరువురును ముందుగా చేయవలసిన పని యొక్కటియే: పుస్తకము తెఱచి పెద్దలేమి చెప్పిరో చూచుట. అందులకే కదా గ్రంథాలయము.

మూలమనగా వేరు. ఆధారమనగా ఆనుకొను చోటు. వెన్నెముక అడుగున ఈ చక్రమున్నదని యోగ గ్రంథములు చెప్పుచున్నవి. వంగదేశీయుడగు పూర్ణానంద యతి 1577లో రచించిన 'శ్రీతత్త్వచింతామణి' యందు 'షట్చక్ర నిరూపణము' ఆఱవ ప్రకరణము. దాని ననుసరించి ఇది నాలుగు రేకుల ఎఱ్ఱని తామర. రేకులపై వ, శ, ష, స అను నాలుగక్షరములు. నడుమ పసుపు వన్నె గల చతురస్రము. అది భూమండలము. దాని బీజాక్షరము 'లం'. వాహనము ఏనుగు. కుండలినీశక్తి అచట పామువలె మూడున్నర చుట్లు చుట్టుకొని నిదురించుచుండును. సౌందర్యలహరి తొమ్మిదవ శ్లోకము పంచభూతములకు చక్రములలో చోటు చూపుచు పృథివికి మూలాధారమునే ఇచ్చినది. గణపతి నిత్యము వసించునది ఇచటనే యని గణపత్యథర్వశీర్షము చెప్పుచున్నది. త్యాగరాజస్వామి శంకరాభరణ రాగములోని 'స్వర రాగ సుధారస' కృతిలో, మూలాధారమున పుట్టు నాదము నెఱుగుటయే మోక్షమన్నాడు.

ఈ గుర్తులన్నియు ఒక్క వైపే చూపుచున్నవి. గుండ్రని వస్తువు దొర్లిపోవును. నాలుగు మూలలు గలది పెట్టినచోట నిలుచును. ఏనుగు అడుగు తొందరగా వేయదు. నేల గట్టిదో కాదో చూచుకొని మోపును. విఘ్నేశ్వరుని తొలుత కొలువక ఏ పనియు మొదలుపెట్టరు. కనుక మూలాధారమనగా మనిషిలోని భూమి. దాని గుణము నిలకడ.

దీనికి తెనుగువారి యిండ్లలో సంస్కృత మక్కఱలేని మాట యొకటి యున్నది. అది 'కుదురు'. అడుగు గుండ్రముగా నుండు కుండ నేలపై నిలువదు. తల్లులు గడ్డినో త్రాటినో చుట్టగా చుట్టి, దానిపై కుండ నుంతురు. ఆ చుట్ట కుదురు. పొలములో వరి దుబ్బు వేరూని నిలిచిన చోటును కుదురే. అల్లరి చేయు పిల్లవానిని కుదురుగా కూర్చుండుమందురు. దుఃఖపడినవాని మనస్సు కుదుటపడవలెనందురు. కుండలో పాలున్నను నీరున్నను అడుగున కుదురు లేనియెడల నేలపాలే. యోగులు మూలాధారమని చెప్పినదానిని, గృహిణులు ఈ చిన్న చుట్టతో ప్రతిదినము చూపుచున్నారు.

మహాశయులారా! పోతనగారి భాగవతము చదివినవారికి ఈ చక్రము క్రొత్తది కాదు. ద్వితీయ స్కంధమున శుకమహర్షి పరీక్షిత్తునకు యోగి దేహమును విడుచు విధమును చెప్పుచు, మడమతో మూలాధారమును అదిమి, ప్రాణవాయువును ఒక్కొక్క స్థానము దాటించి పైకి చేర్చుటను వర్ణించును. ఇది యోగి కడపటి ప్రయాణమునకు చెప్పిన విధానము. ఆఫీసు అలసటకు చెప్పిన మందు కాదు. ఇక విన్నవాడెట్టివాడు? ఏడు దినములలో పాము కాటుతో పోవలసినవాడు. అయినను పరుగులిడలేదు. రాజ్యభారమును కొడుకునకు అప్పగించి, గంగ యొడ్డున దర్భలపై ఉత్తరముఖముగా కూర్చుండెను. ముందు అప్పగింతలు, పిదప ఆసనము, ఆ తరువాతనే శ్రవణము. చక్రముల మాట చెవిని బడుటకు ముందే ఆయన కుదురుకొన్నాడు.

మఱి ఈ తామర శరీరములో నిజముగా ఉన్నదా అని చదువుకొన్న యువకులు అడుగుదురు. అడుగవలసినదే. దయానంద సరస్వతి కూడ అడిగెను. గంగలో కొట్టుకొని వచ్చిన ఒక శవమును కోసి చూచి, గ్రంథములు చెప్పిన చక్రములు కానరానందున, ఆ గ్రంథములను చించి నదిలో పారవైచితినని ఆయనయే తన చరిత్రలో చెప్పుకొన్నాడు. శస్త్రవైద్యులకును అది నేటివఱకు కనబడలేదు. అయినను ఒక సంగతి విచారింపవలెను. గ్రామపు సర్వే పటములో రెండు పొలముల నడుమ గీత యుండును. పొలమునకు పోయి ఎంత త్రవ్వినను ఆ గీత దొరకదు. అంతమాత్రమున పటము అబద్ధము కాదు. అది హద్దు తెలియుటకు గీచినది. చక్రములును ధ్యానము చేయువానికి గీచి యిచ్చిన పటము. పటమును పొలమని భ్రమించువాడును, పొలములో గీత లేదని పటమును చించువాడును ఇరువురును నష్టపోవుదురు.

పతంజలి యోగసూత్రములలో మూలాధారము పేరు లేదు. నాభిచక్రము మాత్రము విభూతిపాదమున వచ్చును. ఆసనమును గూర్చి ఆయన చెప్పినది స్థిరముగాను సుఖముగాను ఉండవలెనని. అదియు మూడవ మెట్టు. దానికి ముందు యమము, నియమము అను రెండు మెట్లు కలవు. పాశ్చాత్యులలో యుంగ్ అను మనస్తత్త్వవేత్త 1932లో జ్యూరిచ్ నగరమున కుండలినీయోగముపై ఉపన్యసించుచు, మనుష్యుడు నిత్యము బ్రదుకు ఈ సామాన్య లోకమే మూలాధారమని వ్యాఖ్యానించెను. చక్రములకు ఇంద్రధనుస్సు వన్నెలు వరుసగా పంచిపెట్టి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మనోవ్యాధిని అంటగట్టుట 20వ శతాబ్దపు సంగతి. అది పాత గ్రంథములలో లేదు.

ఇక విశాఖపట్నము మాట. కుదురు విలువ ఆ నగరమునకు తెలిసినంతగా వేఱొక నగరమునకు తెలియదేమో. 1933లో రేవు తెఱచునాటికి, ద్వారమున అలల తాకిడి నాపుటకు రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకముగా ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. పైన ఓడలు నిబ్బరముగా తేలుటకు క్రింద రెండోడలు మునిగి యుండవలసి వచ్చినది. ప్రతి కుటుంబములోను అట్లు క్రింద మునిగి యుండి పైవారిని తేల్చినవారు ఒకరిద్దఱుందురు. వారిని మఱచుటయే మూలమును మఱచుట.

ఉక్కు కర్మాగారపు చరిత్ర ఇంకను లోతైనది. 1966లో దానికై జరిగిన ఉద్యమమున ప్రాణములు పోయినవి. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగినది. 1992 ఆగస్టు 1న కర్మాగారము జాతికి అంకితమైనది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని అచటి బ్లాస్ట్ ఫర్నేసులకు తల్లుల పేర్లు పెట్టిరి. ఫర్నేసు ఒకసారి రగిలిన పిమ్మట రేయింబవళ్ళు పనియే. మనుష్యులు మూడు షిఫ్టులుగా మారుచు దానిని కాచుకొనవలెను. ఒక వారము పగలు, ఒక వారము రాత్రి పనిచేయు దేహమునకు సూర్యుడొక లెక్క చెప్పును, సైరను ఇంకొక లెక్క చెప్పును. నిద్ర చెడుటకును, ఆకలి తప్పుటకును కారణము వెదుకుటకు వెన్నెముకలోనికి పోనక్కఱలేదు.

ఆ కర్మాగారమునకై 60కి పైబడిన గ్రామములవారు 20 వేల ఎకరములకు మించిన నేలను విడిచిరి. నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డును దాచుకొని ఉద్యోగమునకై ఎదురుచూచుచు ముదుసళ్ళైనవారు కలరు. అట్టివాని గుండెదిగులును చూచి మూలాధారము చెడినదని చెప్పుట ధర్మము కాదు. నేల పోయినవానికి నేలయో, దానికి బదులు జీవనాధారమో కావలెను, జపమాల చాలదు. యోగము న్యాయమునకు బదులు కాజాలదు. న్యాయము కొఱకు నిలుచువానికి కాళ్ళలో బలమిచ్చుటకు మాత్రము అది పనికివచ్చును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకొని పడినపుడు లెక్కకు మిక్కిలిగా చెట్లు వేళ్ళతో సహా పెకలి పడినవి. కొమ్మలు విరిగిన చెట్టు మరల చిగుర్చును. వేరు పెకలినదానికి ఆ యాశ తక్కువ. ఎవని దుఃఖము కొమ్మదో, ఎవనిది వేరుదో తెలిసికొనుట బంధువులకును స్నేహితులకును ముఖ్యము.

అయితే ఆ నగరమునకు కావలసిన ఔషధమును పెద్దలు ముందే అచట నుంచిరి. సింహాచలమున వెలసిన స్వామి వరాహలక్ష్మీనృసింహుడు. వరాహమూర్తి నీట మునిగిన భూమిని పైకెత్తినవాడు. ఏటేట ఆషాఢ పూర్ణిమ సమయమున లక్షలాది జనులు తొలిపావంచ చెంత కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక మీదుగా, అప్పుఘర్ వద్ద సముద్రమును చూచుచు, సుమారు 32 కిలోమీటర్లు కొండచుట్టు తిరిగి వత్తురు. చాలమంది చెప్పులు వేసికొనరు. ఆ రాత్రి ఇంజనీరును, హమాలీయు ఒకే నేలను త్రొక్కుదురు. భూతత్త్వమును ఉపాసించుటకు ఇంతకంటె తేటయైన మార్గము లేదు. భీమునిపట్నపు దారిలోని తొట్లకొండపై బౌద్ధ భిక్షువులు ఱాతిలో తొట్లు తొలిచి వాన నీటిని నిలుపుకొనిరి. బుద్ధభగవానుడు మారుడు బెదిరించినపుడు ఆకాశమును చూడలేదు. కుడిచేతి వ్రేళ్ళతో భూమిని తాకి, ఆమెను సాక్షిగా పిలిచెను.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగ దినమున రామకృష్ణా బీచి నుండి భోగాపురము వఱకు తీరము పొడవున 3 లక్షలకు మించిన జనులు ఒకేసారి యోగాసనములు వేసిరి. ముందునాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మైదానమున 22 వేలకు మించిన గిరిజన విద్యార్థులు సూర్యనమస్కారములు చేసిరి. గొప్ప సంగతియే. ఎవరును చూడని మరునాటి ఉదయమున చాప పఱచినవానికే ఆ దినము ఫలించును.

ఆ చాప మీద చేయవలసినది కష్టమైనది కాదు. ఆసనము మిక్కిలి ఎత్తును, మిక్కిలి పల్లమును కాని చోట నుండవలెనని గీత ఆఱవ అధ్యాయము చెప్పుచున్నది. కాళ్ళు మడిచి కూర్చుండి, వెన్ను నిలిపి, శరీరపు బరువును నేలకు అప్పగింపవలెను. మోకాళ్ళ నొప్పులవారు కుర్చీలో కూర్చుండి రెండు పాదములును నేలకానించినను చాలును. ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా విడువవలెను. తలపు పరుగెత్తినపుడు దానిని తిట్టక, నేలకానిన చోటునకు మరల దెచ్చుకొనవలెను. దినమునకు పది నిమిషములు చాలును. మూలబంధమువంటి హఠయోగ క్రియలు తెలిసిన గురువు ఎదుట తప్ప చేయరాదు. గర్భిణులును, మొలలు, గుండెజబ్బు, రక్తపోటు కలవారును వైద్యుని అడుగనిదే వాని జోలికి పోరాదు. వట్టికాళ్ళతో మట్టిపై నడచుట మేలేగాని మధుమేహము కలవారికి అది తగదు. పాదమున గాయమైనను వారికి తెలియకపోవచ్చును.

తిండియు, నిద్రయు అతి కాకుండ, కొఱత కాకుండ ఉండవలెనని అదే గీత చెప్పినది. రాత్రి షిఫ్టువారు పగటి నిద్రకు గది చీకటి చేసికొని, ఇంటివారు ఆ నిద్రను గౌరవింపవలెను. అప్పు మాట కూడ ఇచట చెప్పదగును. రాబడికి మించిన వ్యయముచేసి, వాయిదా దినమునకు భయపడుచు కూర్చున్నవానికి పద్మాసనము ముళ్ళకంపయే. సత్యము, అస్తేయము, అపరిగ్రహము అను యమములను ఆసనమునకు ముందుంచుటలో పతంజలి ఉద్దేశము ఇదియే కాబోలు. దిగులు వారములకొలది విడువక, తిండి నిద్రలు చెడి, బ్రదుకుపై విరక్తి పుట్టినచో దానిని చక్రదోషమని దాచిపెట్టరాదు. వైద్యునికి చూపవలెను. ప్రభుత్వమువారి టెలి మానస్ వారికి 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు. సహాయమడుగుటయు ఒక ఆధారమును పట్టుకొనుటయే.

సోదర సోదరీమణులారా! తెనుగున 'మొదలు' అను మాటకు చెట్టు బోదె యని యొక అర్థము, ఆరంభమని యొక అర్థము, వడ్డీ కాక అసలు సొమ్మని యింకొక అర్థము. మూడును మూలాధారమునకు సరిపోవును. వడ్డీపై ఆశతో అసలును పోగొట్టుకొన్నవానిని చూచి మొదటికే మోసము వచ్చినదందురు. సిద్ధులు, వెలుగులు, అనుభూతులు వడ్డీ వంటివి. వచ్చిన రానిండు, రాకున్న పోనిండు. నిద్ర, ఆకలి, నిజాయితీ, నలుగురితో పొత్తు, కాలిక్రింద నేల అసలు. ఆ అసలును కాపాడుకొన్నవాని మూలాధారము సమముగానే యున్నదని నమ్మవచ్చును. పట్నమునందున్న బిడ్డలు ఈసారి పండుగకు వచ్చినపుడు వారిని అరుగుమీద కూర్చుండబెట్టి, ఒక పూట పొలము గట్టున నడిపించి, ఈ గ్రంథాలయములో ఒక పుస్తకము చేతికిచ్చి పంపుడు. అదియును కుదురే.

స్వస్తి.