బాసర చదువు – మన బాధ్యత
(పెన్షనర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆచార్య రాజ్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో పుట్టారు. 1958లో గిండీలో ఇంజనీరింగ్ పూర్తిచేశారు. 1979లో అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. అంతటివారు పల్లె పిల్లలను మరువలేదు. 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్‌గా పనిచేశారు. వాటిలో ఒకటి మన బాసరలో వచ్చింది. పదో తరగతి మార్కులతో ప్రవేశం, ఆరేళ్లలో ఇంజనీరింగ్ పట్టా.

గుమాస్తాగా ఎన్నో సర్టిఫికెట్లు రాసినవాణ్ణి. ఒక్క కాగితం ఆలస్యమైతే పిల్లవాడి చదువు ఆగిపోతుందని నాకు తెలుసు. అందుకే ఫలితాలు రాగానే మనలో ఒక్కొక్కరం ఉట్నూరు గూడేల్లోని ఒక్కో విద్యార్థి దరఖాస్తు దగ్గరుండి పూర్తిచేయిద్దాం. రిటైరైనా ఆ పని మన చేతిలోనే ఉంది.