కెమెరా ఎవరి చేతిలో, రసీదు ఎవరి పేరున

(స్వయం ఉపాధిపై మహిళల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫొటోలు తీయడం హాబీగా ఉన్నంతకాలం ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. "మా కోడలు భలే తీస్తుంది" అని నలుగురిలో గొప్పగా కూడా చెప్పుకుంటారు. ఆ కోడలు డబ్బు అడిగిన రోజునే పేచీ మొదలవుతుంది. అందుకని ఈ పూట లెన్సుల గురించి మాట్లాడను. డబ్బు, పేరు, హక్కు గురించి మాట్లాడతాను.

ఈ పనిలో ఆడవాళ్లు కొత్తవాళ్లేం కాదు. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో జెనానా స్టూడియో పెట్టారు. పరదాలో ఉండే స్త్రీల ఫొటోలు తీయడానికి దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. స్త్రీల హక్కు కోసం పెట్టింది కాదది. పరాయి మగవాడు చూడరాదన్న కట్టుబాటులోంచి పుట్టిన ఉపాధి. మనకొచ్చే పిలుపుల్లో ఇప్పటికీ చాలామటుకు ఆ బాపతే: సీమంతం, బారసాల, ఓణీల ఫంక్షను. రాత్రి ముహూర్తం పెళ్లి మాత్రం మగవాళ్లకు పోతుంది. వచ్చిన పని వదులుకోమనను గానీ, అది 'చిన్న పని' అంటే రేటు దగ్గర ఒప్పుకోవద్దు.

రేటంటే గుర్తొచ్చింది. కెమెరా, లెన్సు కలిసి లక్షా ఇరవై వేలు, నాలుగేళ్లు పనిచేస్తాయనుకుందాం. నెలకు 2,500 రూపాయలు అరిగిపోతున్నట్టే. నెలకు అయిదు ఫంక్షన్లు చేస్తే ఒక్కోదాని మీద 500 రూపాయలు కెమెరాకే పోతుంది. ఆటో ఖర్చు, ఆల్బం ఖర్చు వేరు. అందరూ పడుకున్నాక కూర్చుని ఫొటోలు ఏరి, రంగులు సరిచేసే గంటలు ఎవరి లెక్కలోనూ ఉండవు. వంటింటి చాకిరీని లెక్కగట్టని అలవాటే ఇక్కడా నడుస్తోంది. "మన పిల్లే కదా" అనే చుట్టాలకు తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ పూర్తి రేటు రాసి, కింద తగ్గింపు చూపించి, బిల్లు చేతిలో పెట్టండి.

ఇక పేరు. దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరుపొందిన హొమాయ్ వ్యారావాలా తొలినాటి ఫొటోలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. ఆమెకు పద్మవిభూషణ్ వచ్చింది 2011లో! ఇవాళ కూడా భార్య ఫొటోలు తీస్తుంటే బోర్డు మీదా, బ్యాంకు ఖాతాలోనూ భర్త పేరుండే స్టూడియోలున్నాయి. ఇద్దరం ఒకటేనంటారు. ఒకటే అయితే ఆమె పేరే పెట్టొచ్చు కదా?

హిందూ స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించుకున్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారని 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అయితే తగాదా వచ్చిననాడు రుజువు కావాలి. కెమెరా బిల్లు మీ పేరున ఉండాలి, డబ్బు మీ ఖాతాలో పడాలి. 2020లో వచ్చిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు. అదీ మీ పేరునే చేయించుకోండి.

ఫొటో ఎవరిది అన్నది చాలామందికి తెలియని సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీ అంతట మీరు తీసిన ఫొటో మీదే. డబ్బు ఇచ్చి తీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు హక్కు తీయించుకున్నవారిది. కాబట్టి పెళ్లికూతురి ఫొటో మీ ప్రచారానికి వాడాలంటే ముందే రాయించుకోవాలి. ఆ అమ్మాయి ఒద్దంటే మానుకోవాలి; ఆమె కూడా మనలాంటి ఆడమనిషే. స్టూడియో పిలిచి పని ఇచ్చినా ఇదే పద్ధతి. అయితే హక్కు వాళ్లకు పోయినా, ఈ ఫొటో తీసింది నేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు మిగిలే ఉంటుంది. దాన్ని వదులుకునే కాగితాల మీద సంతకం పెట్టకండి.

చివరగా, రాత్రిపూట ఫంక్షన్ హాళ్లలో పని గురించి అడిగారు. రోజుకూలీ మీద స్టూడియోకి పనిచేస్తున్నా సరే, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం మీకు వర్తిస్తుంది. పని మీద వెళ్లిన హాలూ, ఎక్కించుకెళ్లిన స్టూడియో వాహనమూ పనిచోటు కిందికే వస్తాయి. పదిమందికి తక్కువున్న స్టూడియో అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వాలి. గడువు మూడు నెలలు. సరైన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు రాయడం తెలియనివాళ్లు సభ అయ్యాక ఉండండి, కూర్చుని నమూనా రాసుకుందాం.